ధ్వని మార్పుకు కళ్ళుండకూడదు

కల్పిత భాష అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది బాహుబలిలో కాలకేయులు మాట్లాడే కిలికి. మదన్ కార్కి కట్టిన ఆ భాష విన్నవాళ్ళు ఈ వ్యాపకమంటే కొత్త పదాలు పుట్టించడం, వాటికో వ్యాకరణం కుట్టడం అనుకుంటారు. మూడో పని ఇంకొకటుంది. ఒక మూలభాషను తయారుచేసి, అది వెయ్యేళ్ళపాటు జనం నోళ్ళలో నలిగితే ఏమవుతుందో సూత్రాలుగా రాసి, ఆ సూత్రాలను ప్రతి పదం మీదా వరసగా నడిపించడం. క ఎక్కడ చ అవుతుంది, ఏ అచ్చు రాలిపోతుంది, రాలాక మిగిలిన హల్లులు ఎలా సర్దుకుంటాయి, అదీ పని. దీని రుచి మరిగినవాళ్ళు మిగతా రెండు పనుల్నీ వాయిదా వేస్తూనే ఉంటారు.

ఈ పని ఒంటరిగా చేస్తే సగమే పండుతుందని నా వాదన. నలుగురు కలిసి చేయాలి. కలిసి అంటే చర్చించుకుని ఓట్లేసుకోవడం కాదు. ఒకరి తర్వాత ఒకరు, వంతులవారీగా, ముందువాళ్ళ పని మీద పెత్తనం లేకుండా.

ఎందుకో చెప్పాలంటే నిజం భాషల్లో ధ్వని మార్పు ఎలా నడుస్తుందో చూడాలి. మన భాషే చాలు. మూల ద్రావిడంలో (తెలుగు, తమిళ, కన్నడాలు దిగివచ్చిన పాత భాషలో) ఇ, ఎ ల ముందున్న క తెలుగులో చ అయింది. కన్నడంలో కివి, మనకు చెవి. అక్కడ కెడు, ఇక్కడ చెడు. అక్కడ గిళి, ఇక్కడ చిలుక. తమిళంలోనూ ఇదే మార్పు వచ్చింది గానీ తర్వాతి హల్లు మూర్ధన్యమైతే (ట, డ, ళ ల్లా నాలుక మడిచి పలికేదైతే) ఆగిపోయింది. అందుకే వాళ్ళ ‘సెవి’ మారింది, ‘కిళి’, ‘కెడు’ మారలేదు. తెలుగు ఆ మినహాయింపు పెట్టుకోలేదు. మరి ‘క్రింద’ మాటేమిటి? తమిళ ‘కీఴ్’కు ఇది చుట్టం. చిలుకను మార్చిన సూత్రం దీన్నెందుకు వదిలేసింది? వదల్లేదు, దానికి అందలేదు. అప్పటికే ఴ కారం (‘తమిళ్’ అనే పేరు చివర తమిళులు పలికే హల్లు) క పక్కకు జరిగి రేఫగా మారిపోయింది. క తర్వాత ఉన్నది ఇ కాదు, ర. తర్వాతెప్పుడో ఆ ర కూడా జారిపోయి వాడుకలో ‘కింద’ అయింది, కానీ క ను చ చేసే మార్పు అప్పటికి తన పని ముగించుకుని వెళ్ళిపోయింది. మూడు మార్పులు, మూడు కాలాలు. ఏదీ ముందు వచ్చినదాన్ని గుర్తుపెట్టుకోదు, రాబోయేదాన్ని ఊహించదు, తాను ఏ పదాన్ని ఏం చేస్తున్నదో చూసుకోదు.

ఒంటరి భాషాకర్తకు ఈ గుడ్డితనం అబ్బదు. ‘నది’కి తాను పెట్టుకున్న పేరు ముద్దుగా ఉంటుంది. పదకొండో సూత్రం దాన్ని నలిపేస్తుందని కనిపించగానే సూత్రానికో చిన్న షరతు తగిలిస్తాడు: ‘ల ముందు తప్ప’. ఇంకో పదం కోసం ఇంకో షరతు. చివరికి సూత్రాలన్నీ ముందే ఖాయం చేసుకున్న గమ్యానికి వేసిన దారులవుతాయి. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాసిన టోల్కీన్ అంతటివారే దీనికి అతీతులు కారు. తన కథల్లోని ఎల్ఫ్‌ల భాషలు క్వెన్యా, సిందారిన్ రెండూ ఒకే మూలం నుంచి దిగినట్టు ఆయన కట్టిన ధ్వని చరిత్ర గొప్పదే. హంసకు ఒకదాంట్లో ఆల్క్వా, రెండోదాంట్లో ఆల్ఫ్, మూలంలోని ‘క్వ’ ఒకచోట నిలిచి, మరోచోట ప అయి, ల పక్కన ఫ అయింది. కానీ 1930లలో నోల్డోరిన్ పేరుతో పెంచిన భాషను ఆయన తర్వాత సిందారిన్ చేసి, మాట్లాడే జాతినీ దాని చరిత్రనూ మార్చేశారు. అప్పటికే స్థిరపడిన పేర్లకు కొత్త వ్యుత్పత్తులు వెతుక్కున్నారు. పేరు నిలబడాలని చరిత్ర వంగింది. రచయితగా అది ఆయన హక్కు. ధ్వని మార్పు కనిపెట్టే ఆటలో మాత్రం అది గోల్ పోస్టు జరపడమే.

మనకు లేని గుడ్డితనాన్ని పక్కవాళ్ళ దగ్గర అప్పు తెచ్చుకోవచ్చు. నా ‘నది’ మీద మీకు ప్రేమ లేదు. నా తర్వాతి వంతు మీదైతే, మీ సూత్రం దాన్ని మొహమాటం లేకుండా నలుపుతుంది. ఆకానా అనే ఉమ్మడి కల్పిత ప్రపంచంలో ‘న్డాక్ తా’ అనే ఒకే భాష నుంచి వేర్వేరు మనుషులు వేర్వేరు పిల్లభాషలు దించారు. ఆ కుటుంబం ఒక్క బుర్రలోంచి ఊడిపడ్డట్టు ఉండకపోవడానికి కారణం ప్రతిభ ఒక్కటే కాదు, పని పంచుకున్న తీరు కూడా.

సరే, ఎలా ఆడాలి? నలుగురైదుగురు చాలు. ఏడుగురు దాటితే మళ్ళీ తన వంతు వచ్చేసరికి మొదటివాడు ఆట సంగతే మర్చిపోతాడు. మూలభాషను ఒకరే కట్టాలి, చిన్నదిగా కట్టాలి: పది పదిహేను హల్లులు, మూడో నాలుగో అచ్చులు, నూట ఇరవై పదాలు, పది పన్నెండు ప్రత్యయాలు. పదాలు మరీ పొట్టిగా ఉండకూడదు. రెండు మూడు అక్షరాల పొడవు లేకపోతే రెండో వంతుకే తినడానికేమీ మిగలదు. ప్రత్యయాలే అసలు సరుకు. ఉత్త పదాల జాబితా మీద నడిపిన సూత్రాలు ఉత్త పదాల జాబితానే ఇస్తాయి. బహువచనం, విభక్తులు, ‘నా, నీ’ లాంటి ఉపసర్గలు ఉంటేనే ధ్వని మార్పు వ్యాకరణంలోకి దిగబడుతుంది.

ఒక్కో వంతుకు ఎనిమిది నుంచి పన్నెండు సూత్రాలు. కథాకాలంలో అది మూడు నాలుగు వందల ఏళ్ళనుకోవచ్చు. గడువు వారం పది రోజులు. వంతు ముగించినవాళ్ళు తర్వాతివాళ్ళకు ఇవ్వాల్సింది మారిన పదాల జాబితా, మారిన ప్రత్యయాలు, ఒక నామానికీ ఒక క్రియకూ పూర్తి రూపాల పట్టిక. సూత్రాలను వరసతో సహా విడిగా భద్రపరచాలి, కానీ ఆట సాగుతున్నంతసేపూ తర్వాతివాళ్ళకు చూపకూడదు. ఇది చాలామందికి నచ్చని నియమం. దీన్ని వదిలితే మాత్రం ఆట చప్పబడుతుంది. వందేళ్ళ కింద తమ ముత్తాతల ‘చ’ ఒకప్పుడు ‘క’ అని మాట్లాడేవాళ్ళెవరికీ తెలియదు. తర్వాతి ఆటగాడికీ తెలియకూడదు. తెలిస్తే పాత క ను బతికించే సూత్రమొకటి రాసేస్తాడు, అది ఏ భాషలోనూ జరగని పని.

ఒక ఉదాహరణ పూర్తిగా నడిపిద్దాం. మూలభాషలో ‘కపని’ అంటే నది. బహువచనం ‘కపనిరు’. ‘నా’ అనడానికి ముందు మ చేర్చాలి, కాబట్టి ‘మకపని’ అంటే నా నది. ఆరు సూత్రాలు, ఇదే వరసలో:

మూడు, అంతకన్నా ఎక్కువ అక్షరాలున్న పదంలో రెండో అక్షరపు పొట్టి అచ్చు రాలుతుంది: కప్ని, కప్నిరు, మక్పని.
అనునాసికం (మ, న లాంటి ముక్కు ధ్వని) ముందున్న స్పర్శం (క, త, ప లాంటి హల్లు) తన స్థానపు అనునాసికం అవుతుంది: కమ్ని, కమ్నిరు, మక్పని.
తర్వాతి అక్షరంలో ఇ ఉంటే అ, ఎ అవుతుంది: కెమ్ని, కెమ్నిరు, మక్పెని.
పదాంతంలోని పొట్టి అచ్చు రాలుతుంది: కెమ్న్, కెమ్నిర్, మక్పెన్.
పదం చివర మ్ తర్వాతి న్ రాలుతుంది: కెమ్, కెమ్నిర్, మక్పెన్.
ఇ, ఎ ల ముందు క్, చ్ అవుతుంది: చెమ్, చెమ్నిర్, మక్పెన్.

నది ‘చెమ్’. నదులు ‘చెమ్నిర్’. నా నది ‘మక్పెన్’. ఆరు సూత్రాల్లో ఏదీ వింతది కాదు, విడివిడిగా చూస్తే అన్నీ పాఠ్యపుస్తకంలోవే. కలిపి నడిపితే చెమ్, మక్పెన్ అని ఒకే నామానికి రెండు రూపాలు, వాటి మధ్య ఉమ్మడిగా మిగిలిందేమిటో చెప్పడం కష్టం. ఇలా ఉంటుందా అంటే ఉంటుంది. ప్రాచీన ఐరిష్‌లో ‘ఇస్తాడు’ దొబెర్, ‘ఇవ్వడు’ నీ తబర్. ఒకే క్రియ, ఊనిక (ఒక అక్షరాన్ని నొక్కి పలకడం) పడే చోటు మారేసరికి వేరే అచ్చులు రాలాయి.

సరిగ్గా ఈ దశలోనే గుంపులో ఎవరో ఒకరు ‘మక్పెన్ మరీ దూరం పోయింది, సూత్రం సవరిద్దాం’ అంటారు. ఒప్పుకోకూడదు. దానికి భాషలోనే మందుంది: సాదృశ్యం, అంటే ఉన్న రూపాల పోలికతో కొత్త రూపం కట్టుకోవడం. తర్వాతి వంతువాళ్ళు ‘చెమ్’కు మ తగిలించి ‘మచెమ్’ అనే కొత్త రూపం పుట్టించవచ్చు. పిల్లలు చేసే పని అదే. అప్పుడు మక్పెన్ చచ్చిపోనక్కర్లేదు, ‘పుట్టిన ఊరు’ అన్న అర్థంలోకో ఇంకే అర్థంలోకో ఒదిగి బతకొచ్చు. ధ్వని మార్పు చెదరగొడుతుంది, సాదృశ్యం సర్దుతుంది. రెండింటినీ ఒకే సూత్రంలో కలిపేసినవాళ్ళకు రెండూ దక్కవు. వంతు నియమాల్లో మేలైన పద్ధతి: ధ్వని సూత్రాలన్నీ అయ్యాక, వంతు చివర, మూడుకు మించకుండా సాదృశ్యపు సవరణలు.

వరస ఎంత పనిచేస్తుందో చూడటానికి ఇంకా చిన్న ఉదాహరణ. ‘సాక’ ఏకవచనం, ‘సాకి’ బహువచనం. ఇ ముందు క్, చ్ అయ్యాక చివరి అచ్చు రాలితే సాక్, సాచ్. చివరి హల్లు ఒక్కటే బహువచనాన్ని మోస్తోంది. అచ్చు ముందు రాలిపోతే రెండూ సాక్. బహువచనమే పోయింది, భాష కొత్తదొకటి వెతుక్కోవాలి. అవే రెండు సూత్రాలు, రెండు వేరు వ్యాకరణాలు. కుటుంబాన్ని రెండు శాఖలుగా చీల్చాలనుకుంటే కొత్త సూత్రాలు కనిపెట్టే ముందు ఉన్నవాటి వరస తారుమారు చేసి చూడండి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

సూత్రం రాయడంలో మొదటిసారి దిగేవాళ్ళు చేసే తప్పుల్లో పెద్దది ఒక్క ధ్వనిని పట్టుకోవడం. ‘త మాత్రం ద అవుతుంది’ అంటారు. క, ప ఏం పాపం చేశాయి? నోరు కదిలే తీరు మారితే ఆ తీరుతో పలికేవన్నీ కదులుతాయి. దీనికి స్కూల్లో చదివిన గసడదవాదేశమే మంచి నమూనా: వాడు గొట్టె, వాడు వోయె. క చ ట త ప లు వరసగా గ స డ ద వ లయ్యాయి. పరుషాలన్నీ మెత్తబడ్డాయి, అయితే అన్నీ ఒకేలా మెత్తబడలేదు. క, ట, త లు సరళాలతో ఆగాయి, చ, ప లు ఇంకో అడుగు వేసి స, వ దాకా వెళ్ళాయి. వర్గమంతా ఒక దిక్కుకు కదలడం, ఒకటి రెండు కాస్త ముందుకు పోవడం, అచ్చం నిజమైన మార్పు పోలిక. ఎవరైనా సూత్రం తెచ్చినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ‘దీని తోబుట్టువుల సంగతేమిటి?’

ఇంకో తప్పు, లోకంలోని మార్పుల జాబితాల నుంచి సందర్భం లేకుండా సూత్రాన్ని ఎత్తుకురావడం. ‘కన్నడంలో ప, హ అయింది కదా, మనమూ చేద్దాం.’ అయింది నిజమే: మన పాలు వాళ్ళకు హాలు, పులి హులి, పల్లు హల్లు. కానీ ద్విత్వం చెక్కుచెదరలేదు, ఉప్పు ఉప్పుగానే ఉంది. సంస్కృత పదాలతో ప మళ్ళీ పదాల మొదట్లోకి వచ్చింది. పక్షి నుంచి ముందే దిగిన తద్భవం ‘హక్కి’ మారిపోయింది, తర్వాత అరువొచ్చిన ‘పక్షి’ మారకుండా దాని పక్కనే కూర్చుంది. ఆటలో ఇది వాడుకోదగ్గ సంగతి. రెండు శాఖలు ఇరుగుపొరుగైతే పదాలు అరువిచ్చుకోనివ్వండి, ప్రతి అరువు పదం పక్కనా ఏ వంతులో వచ్చిందో రాయండి. ఆ వంతుకు ముందరి సూత్రాలు దానికి తగలవు. ఈ అంకె రాయకపోతే రెండు వంతుల తర్వాత ఆ పదం ఎందుకలా ఉందో ఎవరూ చెప్పలేరు.

అన్నీ మెత్తబడి, అన్నీ రాలిపోయే భాషలు కూడా చాలా చూస్తాం. మెత్తబరచడం తేలిక కాబట్టి అందరూ అదే చేస్తారు. లెక్క చూడండి. 13 హల్లులు, 3 అచ్చులు ఉన్న భాషలో హల్లు-అచ్చు-హల్లు-అచ్చు ఆకారంలో 1,521 పదాలు సాధ్యం. చివరి అచ్చు రాలితే మిగిలే ఆకారాలు 507. అంటే సగటున మూడేసి పదాలు ఒకే గూట్లో. ఒక వంతులో ఇలాంటి సూత్రం ఒకటి చాలు. రెండోది కావాలంటే ముందు గట్టిపడే మార్పు ఏదైనా రావాలి. సంస్కృతం నుంచి హిందీ దాకా జరిగింది చూస్తే దారి తెలుస్తుంది: సప్త ప్రాకృతంలో సత్త, హిందీలో సాత్; హస్త, హత్థ, హాథ్; కర్ణ, కణ్ణ, కాన్. సంయుక్తం ద్విత్వమైంది, ద్విత్వం విడిపోతూ ముందున్న అచ్చును సాగదీసింది. అచ్చుల మధ్య ఒంటరి హల్లులు కరిగిపోతున్న కాలంలోనే ఈ ద్విత్వాలు కొత్త హల్లులను కాపాడాయి. ఒక తలుపు మూస్తే ఇంకోటి తెరవాలన్నది వంతు నడిపేవాళ్ళు గుర్తుంచుకోవాలి.

ఇక మినహాయింపుల గొడవ. 1878లో లైప్‌జిగ్ పండితులు ఓస్ట్‌హోఫ్, బ్రుగ్‌మన్ ధ్వని సూత్రాలకు మినహాయింపులుండవని ప్రకటించారు. ఆ ధైర్యం వాళ్ళకు ఊరికే రాలేదు. అంతకు కొంచెం ముందే కార్ల్ వెర్నర్, గ్రిమ్ సూత్రానికి (జర్మానిక్ భాషల్లో పాత ప, త, క లు మారిన తీరు చెప్పేదానికి) మినహాయింపులనుకున్నవాటి వెనక ఊనిక ఉందని చూపించారు: సంస్కృత ‘భ్రాతా’లో ఊనిక మొదటి అక్షరం మీద, ‘పితా’లో రెండో అక్షరం మీద, అందుకే జర్మానిక్ భాషల్లో వాటి త లు వేరువేరు దారులు పట్టాయి. మన బాలవ్యాకరణం మాత్రం గసడదవల దగ్గర ‘బహుళం’ (ఒకచోట అవుతుంది, ఒకచోట కాదు) అని చేయి దులుపుకుంటుంది. ఆటకు లైప్‌జిగ్ నియమమే పెట్టుకోవాలని నా పట్టు. మినహాయింపు కావాలనిపిస్తే ధ్వనుల్లోనే షరతు చూపించాలి: ఊనిక, పొరుగు హల్లు, అక్షరం బరువు. ‘క్రియల్లో మాత్రమే’ అనేది షరతు కాదు. నాలుకకు క్రియ, నామం తేడా తెలియదు.

దీనికి గట్టి అభ్యంతరం మనవైపు నుంచే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1978లో ‘లాంగ్వేజ్’ పత్రికలో, దక్షిణ-మధ్య ద్రావిడ భాషల్లో (తెలుగు ఉన్న శాఖలో) వర్ణవ్యత్యయం, అంటే ధ్వనులు చోట్లు మార్చుకోవడం, పదం నుంచి పదానికి పాకుతూ వచ్చిందని చూపించారు. తమిళ ఇరండు మనకు రెండు, వాళ్ళ ఉరల్ మన రోలు, వాళ్ళ మరం మన మ్రాను. ఈ కదలిక అన్ని భాషల్లోనూ అన్ని పదాలనూ ఒకేసారి పట్టలేదు. అంటే సగంలో ఆగిన మార్పు అబద్ధం కాదు. నిజమే, ఆటలోనూ ఉండనివ్వచ్చు, కానీ ఏ పదాలు మారాలో ఆటగాడు ఎంచుకోకూడదు. పదాలకు అంకెలేసి పాచిక వేయండి. ఎంపిక చేతిలో పెడితే ముద్దు పదాలన్నీ మినహాయింపు జాబితాలో తేలతాయి.

చేత్తో నూట ఇరవై పదాలు నడపడం విసుగు, తప్పులూ వస్తాయి. మార్క్ రోజెన్‌ఫెల్డర్ రాసిన సౌండ్ చేంజ్ అప్లయర్, ఆ తర్వాత వచ్చిన లెక్సర్జీ లాంటి కంప్యూటర్ పరికరాలు ఈ పనికే ఉన్నాయి. సూత్రం క్/చ్/_ఇ తరహాలో రాయాలి: మారేది, మారినది, చోటు. తెలుగు లిపిలోనే నడుపుదామని మొదలుపెట్టేవాళ్ళు ఇక్కడ బోల్తా పడతారు. కంప్యూటర్‌కు ‘కి’ అంటే క, దాని మీద గుడి, రెండు సంకేతాలు. ‘క’ ఒకే సంకేతం, అందులోని అ కు విడిగా గుర్తే లేదు. ‘క్’ అంటే క, పొల్లు. చివరి అ రాలాలంటే ఏదీ తీసేయడం కాదు, పొల్లు చేర్చాలి. అందుకే పరికరంలోకి రోమన్ లిప్యంతరీకరణే పంపి, ఫలితాన్ని తెలుగులోకి తెచ్చుకోవడం మేలు. అక్కడా ఒక గుంట ఉంది. దీర్ఘాన్ని రెండక్షరాలతో రాస్తే, అ ను ఎ చేసే సూత్రం ‘ఆ’ లోకి దూరి దాన్ని రెండు ఎ లుగా కోసేస్తుంది. ప్రతి ధ్వనికీ ఒకే గుర్తు ఉండాలి. నెత్తిన గీత ఉన్న అక్షరాలు వాడితే, ఒకరు ఏకాక్షరంగా, ఇంకొకరు అక్షరం, గీత విడిగా టైపు చేయవచ్చు. కంటికి రెండూ ఒకటే, పరికరానికి వేరు. ‘సూత్రం సగం పదాల మీదే పనిచేస్తోంది’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

ఒక సూత్రం పదంలో రెండు చోట్ల తగిలేటప్పుడు ఒకేసారి తగులుతుందా, ఒకదాని ఫలితం మీద ఇంకోటా అన్నది ముందే తేల్చుకోండి. పైన మూడో సూత్రంలో ఎ కూడా అ ను మారుస్తుందనుకుంటే, కుడి నుంచి ఎడమకు పాకి ‘మక్పని’ చివరికి ‘మెక్పెన్’ అయ్యేది.

‘అందరం కూర్చుని ఏది అందంగా ఉందో ఓటేసుకుంటే తప్పేమిటి’ అనేవాళ్ళుంటారు. ఓటింగ్‌తో కట్టిన భాషల్లో ప్రతి సూత్రమూ ఎవరికీ అభ్యంతరం లేనిది. అందుకే ఏదీ గుర్తుండదు. వెల్ష్ మార్పులను లాటిన్ మీద నడిపి 1996లో ఆండ్రూ స్మిత్ మొదలుపెట్టిన బ్రిథెనిగ్ అనే కల్పిత భాషలో ఓటూ లేదు, వంతూ లేదు. అయినా దానికి బిగువుంది, ఎందుకంటే సూత్రాలు కర్త ఇష్టానికి బయట, చరిత్రలో ముందే రాసిపెట్టి ఉన్నాయి. కనిపెట్టడం తక్కువ, అమలు ఎక్కువ, కానీ గుడ్డితనం అలాగే ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళకు మొదటి కసరత్తుగా అలాంటిదే ఇవ్వడం మంచిది.

ఆట ముగిశాక ఫలితాన్ని కొలిచే పద్ధతొకటుంది. శాఖల చివరి రూపాలను మాత్రమే, సూత్రాలు లేకుండా, ఆడని మనిషికిచ్చి మూలభాషను తిరగకట్టమనండి. రెండో శాఖలో మొదటి క, హ అయి, అచ్చుల మధ్య ప, వ అయి, క, గ అయిందనుకుందాం: నది ‘హవని’, నా నది ‘మగవని’. చెమ్, మక్పెన్, హవని, మగవని. ఈ నాలుగూ ముందుంటే చ, హ, గ ల వెనక క ఉందని పట్టుకోవచ్చు. వ కు మూలం ప అని చెప్పేది మక్పెన్ ఒక్కటే. దూరం పోయిందని సవరించబోయిన ఆ రూపాన్ని మచెమ్ పూర్తిగా మింగేసి ఉంటే, అటు మచెమ్‌లో మ, ఇటు మగవనిలో వ తప్ప ఏమీ మిగలక, తిరగకట్టేవారు ‘కమని’ అనో ‘కవని’ అనో రాసి ఊరుకునేవారు.